ఐటమ్ మోట్ చుట్టూ ఆ నీళ్లు ఎందుకు? నీళ్లలోనే ఉన్న ఇల్లు ఏడు వందల ఏళ్లు ఎలా నిలిచింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. పోయిన నెల కుటుంబంతో ఇంగ్లండ్‌లోని కెంట్ వైపు వెళ్లి ఐటమ్ మోట్ చూశారు. నీళ్ల మధ్య నిలబడ్డ ఆ రాతి ఇంటిని చూశాక మూడు సందేహాలు వచ్చాయి: ఆ అగడ్త శత్రువుల కోసమే తవ్వారా, ఇల్లు 1320 నాటిదని ఎలా చెబుతున్నారు, గోడలు నిత్యం నీళ్లలో ఉంటే ఇన్నేళ్లు కూలకుండా ఎలా ఉంది. గైడ్ చెప్పిన ఒక కథ రాసి, అక్కడి ఒక చెక్క ఫొటో కూడా పెట్టారు. ఆ పేరును ఇంగ్లిషులో చూస్తే ఇగ్తమ్ అని చదవాలనిపిస్తుంది కానీ అక్కడివాళ్లు ఐటమ్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను.

సూటిగా చెప్పాలంటే: ఆ అగడ్త యుద్ధం కోసం తవ్వింది కాదు. ఇంటి యజమాని స్థాయి నలుగురికీ కనపడాలని, ఊటనీళ్లు ఇంట్లోకి రాకుండా ఒక దారిలో పోవాలని, చేపలకని, దొంగలకీ పశువులకీ అడ్డంగా ఉంటుందని తవ్వించుకున్నారు. 1320 అనేది ఇల్లంతటి వయసు కాదు, అందులో ఒక పక్క ఉన్న భాగాల వయసు. ఇక నీళ్ల సంగతికొస్తే, నీళ్ల వల్ల ఆ ఇల్లు పాడవలేదు. ఎప్పుడూ తడిలో ఉన్న చెక్క నిలుస్తుంది, ఎప్పుడూ పొడిగా ఉన్నదీ నిలుస్తుంది, తడిసి ఆరి మళ్లీ తడిసేదే పోతుంది. అగడ్త ఉన్న ఏ ఇంటికైనా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సగం సంగతి అర్థమైనట్టే.

నేను ఇరవై ఏళ్లుగా దక్షిణ ఇంగ్లండ్‌లో పాత ఇళ్లను కొలిచి, గీసి, ఏ భాగం ఎప్పటిదో తేల్చే పని చేస్తున్నాను. ఐటమ్ మోట్ మరమ్మతుల్లో నేను లేను, అది ముందే చెప్పేస్తున్నా. కానీ పది పన్నెండు సార్లు వెళ్లాను, అదే ప్రాంతంలో అగడ్త ఉన్న చిన్న రైతు ఇళ్లు కొన్నిటిలో పని చేశాను. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర కాలవ గట్టు మీద కాబట్టి నాకు ముందు నీళ్లు కనిపిస్తాయి, తర్వాతే గోడలు.

మొదట అగడ్త సంగతి. మీరు కారు పార్కింగ్ నుంచి ఇంటికి ఎలా వచ్చారో గుర్తు తెచ్చుకోండి. పైనుంచి కిందికి దిగి వచ్చారు. ఇల్లు లోయ అడుగున ఉంది, చుట్టూ వాలు. కోట కట్టేవాడెవడైనా ఎత్తు మీద కడతాడు కానీ, పక్క గుట్ట మీద నిలబడి బాణం వేస్తే ఇంటి లోపలి వాకిట్లో పడే చోట కట్టడు. పైగా అక్కడ అగడ్త ఎంత వెడల్పుందో మీరే చూశారు. నిచ్చెన తెచ్చుకున్నవాణ్ని అది ఎంతసేపు ఆపుతుంది? ద్వారం పక్కన గోడలో ఒక సన్నటి ఏటవాలు చీలిక ఉంటుంది, చాలామంది చూడకుండానే దాటిపోతారు. వచ్చినవాడెవడో కాపలావాడు తలుపు తీయకుండానే కనుక్కోవడానికి పెట్టింది అది. దొంగని, తెలియనివాణ్ని ఆపే ఏర్పాటు, సైన్యాన్ని ఆపేది కాదు. ఇంటికి గట్టి తలుపూ గొళ్లెం ఉండటం వేరు, కోట ఉండటం వేరు కదా.

ఇంగ్లండ్‌లో ఇలాంటి అగడ్త ఇళ్ల స్థలాలు దాదాపు 6,000 దాకా గుర్తించారు. ఎక్కువ భాగం 1250 నుంచి 1350 మధ్య తవ్వినవి, ఎక్కువగా బంకమట్టి నేలలున్న తూర్పు, మధ్య జిల్లాల్లో ఉన్నాయి. ఇన్ని వేలమంది యుద్ధానికి భయపడి తవ్వించారంటే నమ్మబుద్ధి కాదు. అసలు జరిగింది ఏమిటంటే, పెద్ద ప్రభువుల కోటల చుట్టూ నీళ్లుండటం చూసి కాస్త భూమి, డబ్బు ఉన్న ప్రతివాడూ, మామూలు భూస్వామి దగ్గర నుంచి స్థితిపరుడైన రైతు దాకా, తన ఇంటి చుట్టూ ఒకటి తవ్వించుకున్నాడు. ష్రాప్‌షైర్‌లో స్టోక్‌సే అనే ఇల్లుంది. లారెన్స్ ఆఫ్ లడ్లో అనే ఉన్ని వ్యాపారి కట్టించాడు, 1291లో కోట గోడల మీద ఉండే పళ్ల లాంటి కట్టు తన గోడకు పెట్టుకోవడానికి రాజు అనుమతి కూడా తెచ్చుకున్నాడు. ఆ ఇంటి పెద్ద హాలుకి అగడ్త వైపునే పెద్ద పెద్ద కిటికీలు పెట్టాడాయన. బాణాలకి భయపడేవాడు ఆ పక్కన అలాంటి కిటికీలు పెట్టడు. నీళ్లు తనకీ కనపడాలి, నీళ్లవతల నుంచి వచ్చేవాడికి తనూ కనపడాలి.

కానీ హోదా ఒక్కటే కారణమని సరిపెట్టేస్తే నాకు ఒప్పుదల కాదు. ఈ మధ్య పుస్తకాల్లో అదే రాసి వదిలేస్తున్నారు, దానివల్ల పలుగు పట్టి తవ్వినవాడి తెలివి పక్కకి పోతోంది. కెంట్‌లో ఆ గుట్టలు పైన ఇసుకరాయి, సున్నం కలిసిన గట్టి రాయి, వాటి కింద బంకమట్టి. వాన నీరు పైన ఇంకి, బంకమట్టి తగిలిన చోట ఊటగా బయటికి వస్తుంది. అలాంటి లోయ అడుగున ఇల్లు కట్టాలంటే ముందు ఆ నీటికి దారి చూపాలి. చుట్టూ కందకం తవ్వితే ఊట అందులోకి దిగుతుంది, తవ్విన మట్టిని మధ్యలో పోస్తే ఇంటి నేల ఎత్తు పెరుగుతుంది. మన డెల్టాలో చెరువు తవ్వి ఆ మట్టితోనే ఇంటి మెరక పోసుకున్నట్టే. పైన చెరువు, కింద చెరువు, మధ్యలో అగడ్త, నీళ్లు ఒకదాని నుంచి ఒకదానికి తూముల గుండా పోతాయి. ఐటమ్ మోట్‌లో ఇంటికి ఉత్తరాన, దక్షిణాన మీరు చూసిన చెరువులు అందం కోసం మాత్రమే అనుకోకండి. తర్వాతి తరాలు వాటిని తోటలకి తగ్గట్టు చాలా మార్చాయి నిజమే, కానీ నీటిని మెట్లు మెట్లుగా దించాలన్న ఆలోచన పాతది.

చేపల సంగతి కూడా చిన్నది కాదు. ఆ రోజుల్లో శుక్రవారాలూ, ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసమూ మాంసం ముట్టరు. మంచినీటి చేప ఖరీదైన తిండి, అందరికీ దొరికేది కాదు. వంటింటి గుమ్మం పక్కనే చేపల గుంట ఉండటమంటే అతిథి ముందు పెద్దరికం నిలబెట్టుకోవడమే. దానితోపాటే మరుగుదొడ్ల గొట్టాలు కూడా చాలా ఇళ్లలో ఆ నీళ్లలోకే దిగేవి, ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ నిజం. నీరు పారుతూ ఉంటేనే అది సాగుతుంది. అందుకే తూము దగ్గర తేడా వస్తే ఇల్లంతా తేడా వచ్చినట్టే లెక్క.

వార్విక్‌షైర్‌లో బాడెస్లీ క్లింటన్ అని ఇంకో అగడ్త ఇల్లుంది, వీలైతే తప్పకుండా చూడండి. 1591 అక్టోబరులో కేథలిక్ పూజారుల కోసం అక్కడ సోదా జరిగింది. అప్పట్లో వాళ్లు దొరికితే ప్రాణం పోవడమే. అగడ్త మట్టానికి దగ్గరగా ఉన్న పాత మురుగు సొరంగంలో వాళ్లు పాదాలు నీళ్లలో పెట్టుకుని నాలుగు గంటల పాటు నిలబడ్డారు, దొరకలేదు. అక్కడికి వెళ్లినప్పుడు ఆ సొరంగాన్ని గాజులోంచి చూసి నేను చాలాసేపు కదల్లేకపోయాను. మురుగు కోసం కట్టిన సొరంగం మనుషుల్ని కాపాడింది. ఇంటి కింద నీరు ఎలా పోతుందో బాగా తెలిసినవాళ్లకే ఆ ఆలోచన వస్తుంది.

ఇక వయసు సంగతి. "ఇది 14వ శతాబ్దం ఇల్లు" అని బోర్డు మీద రాస్తే మనం గడప నుంచి గుమ్మటం దాకా అన్నీ ఒకేసారి కట్టారనుకుంటాం. ఐటమ్ మోట్ మన మండువా లోగిలి లాగా మధ్యలో తెరిచిన వాకిలి, నాలుగు పక్కలా ఇల్లు. ఆ నాలుగు పక్కలూ నాలుగు కాలాలవి. తూర్పు పక్కనున్న గ్రేట్ హాలు, దాని వెనక గదులు, పాత ప్రార్థన మందిరం, దాని కింద రాతి నేలమాళిగ, ఇవి 14వ శతాబ్దం మొదటి సగానివి. ఆ హాల్లో నిలబడి పైకి చూస్తే కప్పుని మోసే కమానులు మూడుంటాయి, రెండు పక్కలవి చెక్కవి, నడిమిది రాతిది. కమాను మొదలయ్యే చోట వంగి కూర్చుని బరువంతా వీపు మీద మోస్తున్నట్టు చెక్కిన బొమ్మలున్నాయి. నేను వెళ్లిన ప్రతిసారీ ముందు వాటిని చూస్తాను. ఆ మొహాల్లో బరువు కనిపిస్తుంది, చెక్కినవాడు మూటలు మోసే మనుషుల్ని రోజూ చూసినవాడై ఉండాలి.

పడమటి పక్క ద్వారం, దాని మీది బురుజు, దక్షిణపు చెక్క చట్రాల గోడలు, ఉత్తరాన ఇప్పుడు ప్రార్థన మందిరంగా వాడుతున్న పొడవాటి గది, ఇవన్నీ తర్వాత్తర్వాత చేరినవి, లేదా పాతవాటిని మార్చి పెంచినవి. 1521లో రిచర్డ్ క్లెమెంట్ అనే, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కొలువు మనిషి ఆ ఇల్లు కొన్నాడు. ఆ పొడవాటి గది పైకప్పు పలకల మీద రంగులు చూశారా? హెన్రీ వంశపు గుర్తైన ట్యూడర్ గులాబీ, కోట, బాణాల కట్ట, దానిమ్మ పండు ఉంటాయి. కోట కాస్టీల్‌ది, బాణాలు ఆరగాన్‌వి, దానిమ్మ గ్రెనడాది, అంటే స్పెయిన్ నుంచి వచ్చిన హెన్రీ మొదటి భార్య కాథరీన్ పుట్టింటి గుర్తులు. 1533కల్లా ఆమెతో పెళ్లి చెల్లదని తేల్చి హెన్రీ యాన్ బొలీన్‌ని చేసుకున్నాడు. ఆ తర్వాత ఏ కొలువు మనిషీ తన ఇంటి కప్పు మీద కొత్తగా దానిమ్మ పండు వేయించుకోడు. కాబట్టి ఆ రంగు ఎప్పటిదో ఒక అంచు దొరికినట్టే. కాలం తేల్చడం అంటే చాలావరకు ఇదే పని, "దీనికి ముందు కాదు, దాని తర్వాత కాదు" అని రెండు పక్కల నుంచీ బిగించుకుంటూ రావడం.

చెక్క విషయంలో అంతకంటే గట్టి సాక్ష్యం చెట్టు వలయాలు. ఓక్ చెట్టు ఏడాదికి ఒక వలయం వేస్తుంది, వాన బాగా పడిన ఏడు వెడల్పుగా, ఎండిన ఏడు సన్నగా. ఒక ప్రాంతంలో చెట్లన్నిటికీ దాదాపు ఒకే వరుస వస్తుంది. దూలంలోంచి వేలు లావు సన్నటి ముక్క తీసి, ఆ వరుసని ఇప్పటికే తెలిసిన వరుసతో సరిపోలిస్తే చెట్టు ఏ ఏడు నరికారో తెలుస్తుంది. ఓక్‌ని పచ్చిగా ఉండగానే చెక్కేవారు, ఎండితే ఉలి దిగదు, అందువల్ల నరికిన ఏడాదికీ కట్టిన ఏడాదికీ పెద్దగా తేడా ఉండదు.

ఇక్కడే జాగ్రత్త పడాల్సింది ఉంది. నరికిన ఏడు కచ్చితంగా చెప్పాలంటే బెరడు కిందున్న ఆఖరి వలయం దొరకాలి. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కని పురుగు ముందు తినేస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక రైతు ఇంటి అటక మీద, తల దూలానికి తగలకుండా మోకాళ్ల మీద కూర్చుని నేను ముక్క తీస్తున్నాను. డ్రిల్లు చేవలో ఉన్నంతసేపు చెక్క వాసన, కాస్త పుల్లగా, ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా. గొట్టం బయటికి తీసి అరచేతిలో వంచితే చేవ ముక్క నిక్షేపంలా పడింది, దాని చివర ఉండాల్సిన తెల్ల చెక్క మాత్రం బొంబాయి రవ్వలా రాలిపోయి గాలికి పోయింది. అంతే, కచ్చితమైన ఏడు పోయింది. దక్షిణ ఇంగ్లండ్ ఓక్‌కి తెల్ల చెక్క సాధారణంగా 9 నుంచి 41 వలయాల మధ్య ఉంటుందని లెక్క, కాబట్టి "ఈ ముప్పై ఏళ్ల మధ్య ఎప్పుడో" అని మాత్రమే రాయగలిగాను. ఇంటాయన మొహం చిన్నబోయింది, ఆయనకి ఒక్క ఏడాది కావాలి, గుమ్మం మీద చెక్కించుకుందామని. అలాంటప్పుడు ఏదో ఒక ఏడు చెప్పేసి సంతోషపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ ఆ తప్పు తర్వాత నలుగురు పుస్తకాల్లోకి ఎక్కించేస్తారు.

ఇంకో చిక్కు, పాత చెక్కని మళ్లీ వాడటం. వడ్రంగులు పాత ఇల్లు విప్పి దూలాలు కొత్త ఇంటికి ఎత్తుకుపోవడం అప్పుడూ ఉంది. ఒక దూలం మీద దేనికీ ఉపయోగపడని ఖాళీ బెజ్జాలు కనిపిస్తే, అది ఇంకెక్కడో ఉద్యోగం చేసి వచ్చిన దూలం, లేదా అక్కడే ఒకప్పుడున్న గోడ తీసేశారు. వలయాల లెక్క చెట్టు వయసు చెబుతుంది, గోడ వయసు చెప్పదు. అందుకే ఒక్క ముక్కతో ఆగకుండా ఒకే చట్రంలోని నాలుగైదు చెక్కలు చూస్తాం, కుసి (చెక్క చివర చెక్కిన నాలుక) బెజ్జంలో కూర్చున్న తీరు చూస్తాం, కీలు కీలుకీ వడ్రంగి గీసుకున్న అంకెల వరుస చూస్తాం. ఆ అంకెలు రోమన్ అంకెల్లా గీతలుగా ఉంటాయి, కింద నేల మీద చట్రం అంతా అమర్చి గుర్తులు పెట్టుకుని, విప్పి, పైకెక్కించి అదే వరుసలో బిగించేవారు. అవి వరుసగా ఉంటే ఆ చట్రం కదలకుండా ఉన్నట్టు, మధ్యలో అంకె తప్పితే అక్కడ ఎవరో చెయ్యి పెట్టినట్టు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన మూడో ప్రశ్న. నీళ్లలో గోడలు ఎలా ఆగాయి?

మా ఊళ్లో నుయ్యి తవ్వితే అడుగున నేరేడు చెక్క వేసేవారు, నీళ్లలో ఎన్నేళ్లున్నా కుళ్లదని. ఇక్కడ ఓక్‌దీ అదే సంగతి. గాలి తగలని తడిలో బూజూ పురుగూ బతకలేవు. అందుకే పాత వంతెనల కింది దిమ్మలు, బురదలో దిగేసిన మొద్దులు వందల ఏళ్ల తర్వాత కూడా గొడ్డలి దెబ్బల గుర్తులతో సహా బయటపడతాయి. రాతి గోడకి కూడా నీరు శత్రువు కాదు, కింద బంకమట్టి ఎప్పుడూ ఒకేలా తడిగా ఉన్నంతవరకు అది ఉబ్బదు, కుంచించుకుపోదు.

నా కళ్ల ముందు జరిగిన ఒక సంగతి చెబుతాను, ఇల్లూ ఊరూ చెప్పను. అగడ్త ఉన్న ఒక చిన్న ఇల్లు. లోపల గోడలకి చెమ్మ వస్తోందని, నీళ్లు తగ్గిస్తే పోతుందని ఒక కాంట్రాక్టరు చెప్పాడు. తూము కిందికి దించి నీళ్లు రెండడుగులు తగ్గించారు. అంతటితో ఆగకుండా, పూడిక తీస్తూ యంత్రంతో గోడ పాదం దాకా గీకేశారు. నన్ను పిలిచింది ఆ తర్వాతి వేసవి ఆఖరున. బంకమట్టి ఎండి కుంచించుకుపోయింది, మూల గోడ బయటికి వాలింది, కిటికీ పై నుంచి కప్పు దాకా పగులు, అందులో రూపాయి బిళ్ల నిలువుగా దూరేంత. ఎన్నో వందల ఏళ్లు తడిలో హాయిగా ఉన్న చెక్క మొద్దులు గాలి తగిలి మెత్తబడటం మొదలుపెట్టాయి. అసలు చెమ్మ వచ్చింది అగడ్త నుంచి కానే కాదు. అంతకు ముప్పై ఏళ్ల ముందు ఎవరో గోడల సందులకి సిమెంటు పూశారు. సున్నం ఊపిరి పీల్చే పదార్థం, లోపలి తడిని సందుల గుండా బయటికి వదిలేస్తుంది. సిమెంటు మూత పెట్టినట్టు ఆపేస్తుంది, తడి దారి లేక లోపలికి తిరుగుతుంది. సిమెంటు గీకేసి సున్నం పెడితే సరిపోయేది. ఆ మూల గోడని చూసినప్పుడు నాకు కోపం కంటే బాధే ఎక్కువైంది. అంత పాత గోడని చంపడానికి ఒక్క వారం పని చాలింది.

అగడ్త పూడిక గురించి ఇంకో మాట. చాలామంది అనుకుంటారు అడుగున రాజుల కాలం కత్తులూ నాణేలూ ఉంటాయని. అగడ్తని ఇంటివాళ్లు ప్రతి తరంలోనూ పూడిక తీయిస్తూనే వచ్చారు, తీసిన మట్టి పొలాల్లో వేసుకున్నారు. కాబట్టి మీరిప్పుడు తవ్వితే పైన దొరికేది ఎక్కువగా ఈ రెండు మూడు వందల ఏళ్ల పింగాణీ పెంకులు, సీసా ముక్కలు. పాతది మిగిలేది పార సరిగా అందని మూలల్లో, వంతెన కాళ్ల పక్కన, ఆ అడుగు పొర. అలాంటి మూలలో ఒకసారి మాకు ఒక చెప్పు అట్ట దొరికింది, చిన్నపిల్లది, నా అరచేయంత. బురద కడిగితే మడమ దగ్గర ఒక పక్కకి అరిగి ఉంది. ఆ పిల్ల కాస్త కాలు వంచి నడిచేదన్నమాట. అదే పొరలో గింజలు, ఆకుల ముక్కలు, పుప్పొడి కూడా ఉంటాయి, వాటిని బట్టి చుట్టూ ఏ చెట్లుండేవో, ఏం తిన్నారో చెప్పొచ్చు. అందుకే యంత్రం పెట్టి పూడిక తీస్తానని ఎవరన్నా నాకు టెన్షన్ పట్టుకుంటుంది.

పొడి వైపు కూడా ఒక ఉదాహరణ ఉంది. నార్ఫోక్‌లోని ఆక్స్‌బరో హాల్, 1482లో అనుమతి తెచ్చుకుని కట్టిన ఇటుక ఇల్లు, దానికీ అగడ్త ఉంది. 2016లో కప్పు మీది కిటికీ ఒకటి కూలడంతో మొత్తం కప్పు మరమ్మతు మొదలుపెట్టారు. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో అటక నేల పలకలు ఎత్తితే కింద ఎలుకల గూళ్లు, వాటిలో వందల ఏళ్ల నాటి పట్టు, ఉన్ని గుడ్డల ముక్కలు, చేతిరాత కాగితాలు, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఖాళీ చాక్లెట్ డబ్బా ఒకటి. చూరు దగ్గర చెత్తలో ఒక పనివాడికి బంగారు, నీలి రంగుల అక్షరాలున్న 15వ శతాబ్దపు తోలు పుట దొరికింది. అవి నిలవడానికి కారణం కప్పు కింద దట్టంగా పరుచుకున్న సున్నం, దుమ్ము, అది తడిని పీల్చేసి అన్నిటినీ పొడిగా ఉంచింది. ఇంటి చుట్టూ నీళ్లు, ఇంటి నెత్తిన గుడ్డపీలిక కూడా చెడనంత పొడి. మరమ్మతు చేసేవాళ్ల పనంతా ఆ రెంటి మధ్య ఉన్న భాగం మీదే.

ఐటమ్ మోట్‌లో అదే జరిగింది. 1951లో ఇల్లు అమ్మకానికొచ్చి పాడయ్యే స్థితిలో ఉంటే ఊరివాళ్లు ముగ్గురు కలిసి కొని నిలబెట్టారు. 1953లో చార్లెస్ హెన్రీ రాబిన్సన్ అనే అమెరికన్ వ్యాపారి కొన్నాడు, కుర్రతనంలో ఎప్పుడో సైకిల్ మీద వచ్చి ఆ ఇల్లు చూసి మనసు పారేసుకున్నాడట. 1985లో ఆయన పోయాక ఇల్లు పాత కట్టడాలని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్‌కి దక్కింది. 1989 నుంచి 2004 దాకా పదిహేనేళ్లు, కోటి పౌండ్లకు పైగా ఖర్చుతో, ఇంటిని ఒక్కో పక్కా విప్పి, ప్రతి చెక్కా ప్రతి రాయీ నమోదు చేసి మళ్లీ కట్టారు. పురుగు తిన్న దూలాన్ని పారేయకుండా పాడైన మేరకే కోసి, కొత్త ఓక్ ముక్క అతికారు. డెత్‌వాచ్ అనే పురుగు తడిసి మెత్తబడ్డ ఓక్‌లోనే గుడ్లు పెడుతుంది. కాబట్టి మందు కొట్టడం కన్నా కారే కప్పుని బాగుచేయడం ముఖ్యం. మీకు పాత రంగు చెక్క మధ్య లేత రంగు ముక్కలు కనిపించి ఉంటే అవి ఈ మరమ్మతువే. దాచకుండా కనపడేలా వదలడం నాకు నచ్చుతుంది, రేపు చూసేవాడు మోసపోడు.

గైడ్ చెప్పాడని మీరు రాసిన డోరతీ సెల్బీ కథ, ఆవిడే ఉత్తరం రాసి, ఇంగ్లండ్ పార్లమెంటుని రాజుతో సహా పేల్చేయాలనుకున్న 1605 గన్‌పౌడర్ కుట్రని బయటపెట్టిందన్నది, నమ్మకండి. సెల్బీ కుటుంబం 1591 నుంచి దాదాపు మూడు వందల ఏళ్లు ఆ ఇంట్లో ఉంది, డోరతీ గొప్ప కుట్టుపనిమంతురాలు. చర్చిలో ఆవిడ సమాధి మీద ఆవిడ కళ కుట్రని వెల్లడించింది అన్న అర్థం వచ్చే పంక్తి ఉంది. ఆవిడ ఆ కుట్రని గుడ్డ మీద సూదితో కుట్టి చూపింది, దాన్నే తర్వాతివాళ్లు ఉత్తరం కథగా అల్లారు. ఆ ఇంటి గోడలో అస్థిపంజరం దొరికిందన్న కథకి కూడా నిలబడే ఆధారం లేదు. లోపలి వాకిట్లో ఉన్న పెద్ద కుక్క గూడు మాత్రం నిజం, 19వ శతాబ్దం ఆఖరున సెయింట్ బెర్నార్డ్ కుక్క కోసం కట్టారు, దానికి కూడా ఇంటితో సమానంగా మొదటి శ్రేణి చట్ట రక్షణ ఉంది.

ఇల్లు ఒక్కటే చూసి రాకుండా చుట్టూ నేల కూడా చూడమని చెప్పేది ఇందుకే. 2010 నుంచి 2014 దాకా నార్త్‌వెస్టర్న్, సౌతాంప్టన్ విశ్వవిద్యాలయాల వాళ్లు బోడియం, స్కాట్నీ, నోల్, ఐటమ్ మోట్, ఈ నాలుగు పాత కోటలూ ఇళ్ల దగ్గరా చాలావరకు తవ్వకుండానే నేల కింది సంగతులు సర్వే చేశారు. గోడల గురించి ఎప్పుడూ రాసేదే కాకుండా దారులు, నీటి ఏర్పాట్లు, అక్కడ పని చేసి బతికిన మనుషులు, వీటన్నిటినీ కలిపి చూడాలన్నది వాళ్ల పద్ధతి. మళ్లీ వెళ్తే చలికాలంలో ఆకులు రాలాక వెళ్లండి, ముందు చెరువుల గట్ల మీద నడవండి, నీరు ఎక్కడ లోపలికి వస్తోందో ఎక్కడ బయటికి పోతోందో చూడండి, ఆ తర్వాత ద్వారం దాటండి.

చివరగా మీరు పెట్టిన ఫొటో. లోపలి వాకిలి వైపు నిలువు చెక్క మీద వరుసగా మూడు ఖాళీ బెజ్జాలు, వాటి పక్కన చెక్క మేకుల బొక్కలు కనిపిస్తున్నాయి. అక్కడ ఒకప్పుడు అడ్డ చెక్కలు ఉండి తర్వాత తీసేసి ఉండొచ్చు, లేదా ఆ చెక్కే ఇంకో చోట నుంచి వచ్చి ఉండొచ్చు. ఒక పక్క చూసి తేల్చలేను. అదే చెక్క పక్కవాటు ఫొటో, వీలైతే కింద గీతల్లాంటి అంకెలేవైనా కనిపించేలా తీసింది ఉంటే పెట్టండి, చూసి చెబుతాను.